శంకరరావు చాకు

విమలకుమారి ఆ చాకును చూడకముందే దాని చప్పుడు విన్నది.

2003 జూన్ నెలాఖరు. ఆమె భర్త బాలశౌరి భిలాయి ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటరు. ఆ మధ్యాహ్నం డ్యూటీలో ఉన్నాడు. కూతురు ఏంజెలా కాలేజీకి వెళ్ళింది. సైన్యంలో పనిచేసే కొడుకు ఆల్విన్ రెండు నెలల సెలవు మీద వచ్చి నాలుగు రోజులైంది. భోంచేసి ముందుగదిలో పడుకున్నాడనుకుని ఆమె వంటింట్లో గిన్నెలు సర్దుకుంటుంటే గోడ అవతల నుంచి టిక్కుమని చప్పుడొచ్చింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. గడియారమేమో అనుకుంది. కానీ గడియారం సమంగా కొట్టుకుంటుంది. ఈ చప్పుడు ఒకసారి వెంటనే వస్తోంది, ఒకసారి ఎంతకీ రావడం లేదు. తర్వాతది ఎప్పుడొస్తుందా అని ఊపిరి బిగబట్టి నిలబడిందని ఆమెకు తెలిసేసరికి, చేతిలో వంగిన గిన్నెలోంచి నీళ్ళు పాదాల మీద కారుతున్నాయి.

వెళ్ళి తలుపు సందులోంచి చూసింది. ఆల్విన్ మంచం మీద గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. చేతిలో మడత చాకు. నల్లటి పిడి, ఒకవైపు వెడల్పాటి బ్లేడు, రెండోవైపు మేకులాంటి ములుకు, పిడి చివర ఇనుప రింగు, దానికి వెలిసిపోయిన ఆకుపచ్చ తాడు. బ్లేడు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. చాకు వంక చూడటం లేదు. కిటికీలోంచి క్వార్టర్ ముందున్న గడ్డి వంక చూస్తున్నాడు.

"ఏటిరా అది?" అంది లోపలికి వచ్చి.

"చాకమ్మా."

"అది కనబడతంది. ఎక్కడిదీ అని."

"శంకరరావన్నది."

ఆ పేరు ఆమెకు తెలుసు. నాయక్ హోదాలో ఉన్న శంకరరావు టెక్కలి దగ్గర పల్లెటూరివాడు. ఆల్విన్ ఉన్న సెక్షన్‌లో తెలుగు మాట్లాడే మరో మనిషి అతనొక్కడే. మూడేళ్ళపాటు ఆల్విన్ రాసిన ప్రతి ఉత్తరంలోనూ అతనుండేవాడు. అన్న చింతపండు తెప్పించాడు, అన్న నాకు ఈత నేర్పుతున్నాడు, అన్నకు కూతురు పుట్టింది. ఫిబ్రవరిలో మాత్రం రెండే వాక్యాలతో ఉత్తరం వచ్చింది. 'శంకరరావన్న చనిపోయాడు. నేను బాగున్నాను.' ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి.

వాళ్ళది ఇంజనీర్ల దళం. ఏడాదిన్నర కిందట యుద్ధం వస్తుందని సైన్యం సరిహద్దుకు కదిలినప్పుడు వాళ్ళు రాజస్థాన్ ఇసుకలో మందుపాతరలు పెట్టారు. యుద్ధం రాలేదు. పెట్టినవాటిని మళ్ళీ ఒక్కొక్కటే వెతికి తియ్యాల్సి వచ్చింది. శంకరరావు పోయింది ఆ పనిలోనే. ఎలా పోయాడని బాలశౌరి రెండుసార్లు అడిగాడు. ఆల్విన్ రెండుసార్లూ లేచి బయటికి వెళ్ళిపోయాడు. మూడోసారి ఎవరూ అడగలేదు.

ఆ రోజు నుంచి విమలకుమారి కొడుకును గమనించడం మొదలుపెట్టింది. అతను మట్టి మీద కాలు పెట్టడం లేదు. తారు రోడ్డు మీద, సిమెంటు గచ్చు మీద మామూలుగా నడుస్తాడు. గడ్డి వచ్చిందంటే చుట్టూ తిరిగి వెళ్తాడు. గేటుకీ వరండాకీ మధ్య నాలుగడుగుల నేల ఉంటే, వచ్చిన రెండో రోజే దాని మీద ఇటుకలు పరిచాడు. వాన నీళ్ళు నిలుస్తాయని పరిచాడనుకుని ఆమె అప్పుడు సంతోషించింది. చర్చికి ఐదు నిమిషాల అడ్డదారి ఉన్నా ఇరవై నిమిషాలు రోడ్డు మీదే నడిచాడు. ప్రార్థనలో అందరూ మోకరిల్లితే అతను కుడిచెయ్యి జేబులో పెట్టుకునే మోకరిల్లాడు. ఆ జేబులో ఏముందో పక్కనున్న తల్లికి తెలుసు. పాస్టరుగారు ఏం చదివారో ఆమె చెవికెక్కలేదు.

మరుసటి వారం ఒక సాయంత్రం ఏంజెలా టీ గ్లాసు పట్టుకుని వెళ్ళి, నిద్రపోతున్న అన్న భుజం తట్టింది. గ్లాసు పగిలిన చప్పుడు విని విమలకుమారి పరుగెత్తింది. ఏంజెలా బీరువాకు అతుక్కుపోయి నిలబడి ఉంది. ఆల్విన్ మంచం మీద మోకాళ్ళ మీదున్నాడు. తెరిచిన చాకు అతని చేతిలో ఉంది. దాని మొన చెల్లెలి వైపు ఉంది. అతని కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఆ కళ్ళలో ఏంజెలాను గుర్తుపట్టిన జాడ లేదు.

"భయ్యా, మై హూఁ. నేనే," అంది ఏంజెలా. ఆ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

అతను చాకు మూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అరగంట తర్వాత వచ్చి గాజు పెంకులన్నీ తనే ఏరాడు. చెల్లెలి ముఖంలోకి చూడలేకపోయాడు.

బాలశౌరికి చెబితే ఆయన తేలిగ్గా తీసేశాడు. "సైనికుడి దగ్గర చాకుండదేటి? నా జేబులో టెస్టర్ ఉన్నట్టే అదీను. నిద్దట్లో ఉన్నోణ్ణి అలగ లేపొచ్చేటి?" అన్నాడు. అన్నాడే గానీ ఆ రోజు నుంచి తనూ కొడుకున్న గదిలోకి వెళ్ళేముందు గుమ్మం దగ్గర దగ్గడం మొదలుపెట్టాడు.

పక్క క్వార్టర్‌లో ఉండే అప్పయమ్మ విజయనగరం నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళైనా అక్కడి మాట పోని ముసలావిడ. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ గోడ పక్కన నిలబడి, "ఓలమ్మా ఇమలా, మా సుట్టాల ఊర్లో ఒక మిల్ట్రీ గుంటడు సెలవుకొచ్చి, ఎవుళితోటీ మాటాడకుండా నెల్రోజులుండి, ఒకనాడు..." అని ఆగి, "అయితే మన గుంటడు అలాటోడు కాదులే" అంది. మిగతా కథ చెప్పకపోవడమే విమలకుమారికి పెద్ద భయమైంది. ఆ 'ఒకనాడు' తర్వాత ఏముండవచ్చో ఆమె స్కూల్లో పాఠం చెబుతూ ఊహించేది, అన్నం వారుస్తూ ఊహించేది. ఒకసారి కొడుకు మణికట్టు కనబడేది. ఒకసారి కూతురి ముఖం. ఆ చాకు ఇంట్లో ఉండకూడదని నిర్ణయించుకుంది.

శుక్రవారం పొద్దున ఆల్విన్ స్నానానికి వెళ్ళినప్పుడు ప్యాంటు జేబులోంచి చాకు తీసింది. అది అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. పిడి మీద సూదితో గీసినట్టు రెండు తెలుగు అక్షరాలు, 'శం. రా.' దాన్ని రుమాలులో చుట్టి స్కూలు సంచిలో పుస్తకాల అడుగున పెట్టుకుని, టిఫిన్ కూడా తినకుండా ఇంట్లోంచి బయటపడింది. ఆమె పనిచేసే చిన్న స్కూలు పక్క సెక్టార్‌లో, మైదానం దాటితే వస్తుంది. రోడ్డెక్కాక ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. కొడుకు సొత్తు దొంగిలించి పారిపోతున్నట్టు అనిపించింది.

పది దాటాక, మూడో తరగతికి లెక్కలు చెబుతుంటే గుమ్మంలో అప్పయమ్మ కనబడింది. ఆవిడ ఆ స్కూలుకు ఎప్పుడూ రాలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని రొప్పుతోంది. చీర కుచ్చిళ్ళకు బురద.

"ఇమలా, బేగి రాయే. నీ కొడుకు మైదానం మద్దిన నిలబడిపోనాడు. అడుగు తియ్యడు, ఎవుళినీ దగ్గిరికి రానీడు. జనం పోగైపోనారు."

"నిలబడిపోవడమేటి పిన్నీ?"

"ఏటో నాకేటి తెలుసు! సాకు, సాకు అంతన్నాడు. మా అమ్మనడిగి సాకు తెండి అంతన్నాడు."

విమలకుమారి సుద్దముక్క కింద పెట్టింది. సంచి తీసుకుంది. అడుగున చాకు చేతికి తగిలినప్పుడు ఆమె ఆగిపోయింది. ఇది తీసుకెళ్తే ఏమవుతుంది? తీసుకెళ్ళకపోతే ఏమవుతుంది? రెండూ తెలియలేదు. సంచి భుజానికి తగిలించుకునే పరుగెత్తింది.

జరిగింది ఇది. స్నానం చేసి వచ్చి చాకు కోసం ఇల్లంతా వెతికిన ఆల్విన్, అమ్మనే అడగాలని స్కూలుకు బయల్దేరాడు. నీళ్ళ పైపు కోసం తవ్వడంతో రోడ్డు ఒకచోట మూసేశారు. అందరూ మైదానంలోంచి అడ్డంగా పోతున్నారు. కాసేపు కందకం ముందు నిలబడి, చివరికి ఒక సైకిల్ వెళ్ళిన చక్రం గుర్తు మీద అడుగులో అడుగు వేసుకుంటూ దిగాడు. సైకిల్ పోయిన చోట ఏమీ పేలలేదు కాబట్టి ఆ గీత మంచిదని అతని లెక్క. మైదానం నడుమకు వచ్చేసరికి నేల గట్టిపడి గీత మాయమైంది. తలెత్తి చూస్తే చుట్టూ మట్టి వరసలు. పదిరోజుల కిందటిదాకా అక్కడ మీనా బజార్ అంగళ్ళ సంత నడిచింది. గుడారాలు పీకి గుంతల్లో ఎర్రమట్టి పూడ్చారు. పచ్చటి గడ్డిలో పళ్ళెమంతేసి ఎర్రటి మచ్చలు, వరసలో ఇన్నడుగుల దూరాన ఒకటి చొప్పున, కొలిచి మందుపాతరలు పెట్టినట్టు.

విమలకుమారి వెళ్ళేసరికి రోడ్డు పక్కన యాభై అరవై మంది ఉన్నారు. కూరగాయల బండివాడు తూకం వదిలేసి చూస్తున్నాడు. "పీ కే ఆయా హై," తాగొచ్చాడని ఒకడు నవ్వాడు. ఆల్విన్ నూరడుగుల అవతల రెండు పాదాలూ దగ్గరగా పెట్టుకుని, చేతులు ఒంటికి ఆనించి నిలబడి ఉన్నాడు. వాన లేదు గానీ చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎవరో యువకుడు లాక్కొస్తానని రెండడుగులు దిగగానే ఆల్విన్ వేసిన కేకకు జనమంతా వెనక్కి జరిగారు. ఎవరు పిలిచారో ఒక కానిస్టేబుల్ కూడా వచ్చి లాఠీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"మీ అబ్బాయా?" అన్నాడు హిందీలో. "మరో ఇద్దర్ని పిలిపిస్తున్నా. చేతులు కట్టి తీసుకొస్తాం."

"వద్దు. ఫౌజీ, సైనికుడు వాడు. నా మాట వింటాడు," అంది ఆమె. వింటాడని ఆమెకు నమ్మకం లేదు.

చెప్పులతోనే గడ్డిలోకి దిగింది. పదకొండేళ్ళుగా రోజూ నడిచిన నేల అది. ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ముప్పాతిక దూరం వెళ్ళాక ఆల్విన్ చూశాడు.

"అమ్మా! ఆగు! కాలు కదపకు!"

ఆమె ఆగింది. అతని ముఖం చూశాక కాలు దానంతటదే ఆగిపోయింది. అంత భయం ఆమె ఎప్పుడూ ఏ ముఖంలోనూ చూడలేదు. ఆ భయం తన కోసం కాదు, అమ్మ కోసం.

"ఏమీ లేదురా ఇక్కడ. ఇది మన సెక్టార్ మైదానం. మీనా బజార్ గుంతలివి."

"నాకు తెలుసమ్మా," అన్నాడు అతను. పళ్ళు కొట్టుకుంటున్నాయి. "మీనా బజారని తెలుసు. అయినా ఉన్నాయి. నీ ఎడం కాలి పక్కనే ఒకటుంది. కదపకు."

ఆమె కిందికి చూసింది. చెప్పు అంచుకు జానెడు దూరంలో ఎర్రమట్టి మచ్చ. అది పూడ్చిన గుడారపు గుంతేనని ఆమెకు తెలుసు. ముందడుగు వేద్దామని కాలెత్తబోయింది. కాలు లేవలేదు. కొడుకు భయం ఎలా పాకిందో, ఆమెకూ అంటుకుంది. ఇద్దరి మధ్య ఇరవై ఐదు అడుగులు.

"చాకు తెచ్చావా?"

ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. రుమాలు విప్పి చాకు పైకి తీసేసరికి వెనక జనంలో కలకలం రేగింది. "మేడమ్! ఛురీ?" అని కానిస్టేబుల్ అరిచాడు. "పిచ్చివాడి చేతికి కత్తి ఇస్తారా? మీకూ మతి పోయిందా?"

ఆ ప్రశ్న ఆమె తనను తాను అడుగుతూనే ఉంది. రెండు వారాలుగా ఏ చేతిలో దీన్ని ఊహించి వణికిందో ఆ చేతికే ఇవ్వాలి. ఇస్తే అతను దాన్ని ఎటు తిప్పుకుంటాడో పట్టుకుని ఆపగలిగేంత దగ్గరలో కూడా తను లేదు.

"విసురమ్మా. అన్న కూడా విసిరాడు. మూసే విసురు."

ఆమె మనసులో ప్రభువును తలచుకుని విసిరింది. గురి తప్పి చాకు అతనికి నాలుగడుగుల దూరంలోనే పడింది. ఆల్విన్ వంగి చూశాడు. అందదు. ఒక అడుగు వేస్తే అందుతుంది. ఆ ఒక్క అడుగు వెయ్యలేక అతను చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నడుము బెల్టు తీసి, నిలబడ్డ చోటే నెమ్మదిగా కూర్చుని, బెల్టు బకిల్‌ను చాకు తాడు మీదికి విసిరాడు. మూడోసారికి బకిల్ తాడుకు తగులుకుంది. అంగుళం అంగుళంగా దగ్గరికి లాక్కున్నాడు.

టిక్కుమని బ్లేడు తెరుచుకుంది. అతను దాని వంక చూశాడు. ఒక్క మాట తప్పుగా అంటే ఏమవుతుందోనని విమలకుమారి నోరు తెరవలేదు. అతను బోర్లా పడుకున్నాడు. బ్లేడును ఏటవాలుగా పట్టుకుని, గడ్డి వేళ్ళ మధ్యలోంచి నేలలోకి మెల్లగా దించాడు. తీశాడు. రెండు వేళ్ళ దూరంలో మళ్ళీ దించాడు. తల్లి వైపు రావడం మొదలుపెట్టాడు.

ఆమె ఊపిరి వదిలింది.

అలా పొడుస్తూ పొడుస్తూనే చెప్పడం మొదలుపెట్టాడు. జనం వింటున్నారు గానీ వాళ్ళలో తెలుగు వచ్చింది అప్పయమ్మ ఒక్కదానికే. ఆవిడ రోడ్డు పక్కన రాయి మీద కూలబడి ఉంది.

"గాలికి ఇసుక కదిలిపోయిందమ్మా. మ్యాపులో ఉన్నచోట ఒక్కటీ లేదు. అన్న ముందు, నేను వెనక. పేలినప్పుడు నేను ఎగిరి పడ్డాను. నా చేతిలో నేల పొడిచే చువ్వ ఎటు పోయిందో తెలీలేదు. పొగ తగ్గాక చూస్తే అన్న కూర్చునున్నాడు. కాలు... కాలు లేదు. మధ్యలో పాతిక అడుగులు. నన్ను చూసి జేబులోంచి ఇది తీసి విసిరాడు. 'పొడుచుకుంటా రా తమ్ముడూ, తొందర్లేదు' అన్నాడు."

బ్లేడు దిగింది, లేచింది.

"నేను నిజంగానే తొందరపడలేదమ్మా. గంటా పది నిమిషాలు పట్టింది. దారిలో రెండు దొరికాయి. అన్న నడుమ నడుమ మాట్లాడుతున్నాడు. కూతురికి చెవులు కుట్టించాలన్నాడు. నాలుగుసార్లు తొందర్లేదన్నాడు. నాలుగోసారి తర్వాత మాట్లాడలేదు. నేను వెళ్ళేసరికి చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది."

విమలకుమారికి ఏడుపు తన్నుకొచ్చింది. కదిలితే ఎక్కడ అరుస్తాడోనని ముఖం తుడుచుకోకుండానే నిలబడింది.

"నువ్వు తొందరపడుంటే ఏటయ్యేది?"

అతను ఆగాడు. "నేనూ పోయేవాణ్ణి."

"మరి అది తెలీకే అన్నాడేటి ఆయన?"

చాలాసేపు బ్లేడు నేలలోనే ఉండిపోయింది. తర్వాత మళ్ళీ లేచింది.

ఎండ ఎక్కింది. ఆమె నడుము పీకుతోంది. ఎడమకాలు తిమ్మిరెక్కి బండబారింది. అవతల స్కూల్లో గంట కొట్టారు. కొడుకు పదిహేనడుగుల దూరానికి, తర్వాత పన్నెండడుగులకు వచ్చాడు. బేగి రారా అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని దాన్ని మింగేసింది. రక్తం రుచి తగిలింది.

ఎనిమిది అడుగుల దగ్గర బ్లేడు దేనికో తగిలింది. టక్కుమంది.

ఆల్విన్ కొయ్యబారిపోయాడు. ముఖంలో రక్తం ఇంకిపోయింది. "అమ్మా," అన్నాడు గొంతు దించి. "కూర్చో. మెల్లగా. తల కిందికి వంచు."

ఆమె కూర్చుంది. తల మోకాళ్ళ మధ్య పెట్టుకుంది. ఆ నిమిషంలో ఆమెకు మీనా బజార్ గుర్తులేదు, సెక్టార్ గుర్తులేదు. నేలలో ఏదో ఉంది, అది పేలుతుంది, తన ఎదుట కొడుకు ముక్కలవుతాడు. ఇది మాత్రమే నిజం. 'ప్రభువా, వీణ్ణి కాదు, నన్ను' అని గొణుక్కుంటూ, వేళ్ళ సందుల్లోంచి చూసింది. అతను చాకు పక్కన పెట్టి, రెండు చూపుడు వేళ్ళతో మట్టిని పక్కలకు తోస్తున్నాడు. నిద్రపోయే పసిబిడ్డ మీంచి దుప్పటి తీస్తున్నంత మెల్లగా. వేళ్ళు ఆగాయి. తల నేలకు ఆనించి చూశాడు. ఊదాడు.

వేళ్ళతో మళ్ళీ కాస్త మట్టి తీశాడు.

"మేకు," అన్నాడు చివరికి. "గుడారం మేకు."

తుప్పుపట్టిన ఆ ఇనుప మేకును పైకి లాగి చూపించాడు. నవ్వబోయాడు. నవ్వు సగంలో విరిగి ఏడుపైంది. బోర్లా పడుకునే, ముఖం గడ్డిలో దాచుకుని ఏడ్చాడు. జనంలో ఎవరూ నవ్వలేదు. కానిస్టేబుల్ లాఠీ తిప్పి, "క్యా తమాషా హై? వెళ్ళండి, పనులు చూసుకోండి" అని అందరినీ తరమడం మొదలుపెట్టాడు.

ఏడుపు ఆగాక కూడా అతను లేచి నడవలేదు. మిగిలిన ఎనిమిది అడుగులూ పొడుచుకుంటూనే వచ్చాడు. ఆమె చెప్పుల చుట్టూ, ఎర్రమట్టి మచ్చలోనూ పొడిచి చూశాడు. ఏమీ లేదు. అప్పుడు తల్లి చీలమండ పట్టుకున్నాడు. ఆమె అతని తల నిమిరింది. జుట్టు నిండా గడ్డిపరకలు.

"ఇక్కణ్ణించి రోడ్డుదాకా నువ్వొచ్చిన అడుగులున్నాయి," అన్నాడు. "వాటి మీదే నడు. నేను వెనకొస్తాను."

తడినేలలో ఆమె చెప్పుల గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. తన అడుగుల్లో తనే కాలు పెడుతూ ఆమె నడిచింది. భుజం మీద కొడుకు చెయ్యి బరువుగా ఆనింది. రోడ్డు మీదికి వచ్చాకే ఆ చెయ్యి దిగింది. చూస్తే పన్నెండు దాటింది.

కానిస్టేబుల్ ముందుకొచ్చాడు. గొంతు ఈసారి మెత్తగానే ఉంది గానీ చెయ్యి చాపాడు. "చాకు ఇవ్వండి. ఠాణాలో జమ చెయ్యాలి."

ఆల్విన్ చాకును పిడికిట్లో బిగించాడు. మెడనరాలు పొంగాయి. ఇప్పుడు వీళ్ళిద్దరి మధ్య ఏమవుతుందోనని విమలకుమారి మళ్ళీ బెదిరింది. వాళ్ళ మధ్యలోకి వెళ్ళి నిలబడింది.

"నేను తీసుకుంటాను భాయీసాబ్. అది చచ్చిపోయిన ఫౌజీది. పోయేముందు వీడి ప్రాణం కోసం ఇచ్చినది. ఠాణాలో వద్దు. నా పేరు, స్కూలు పేరు రాసుకోండి." కొడుకువైపు తిరిగి తెలుగులో అంది. "నాకిస్తావా? దొంగతనంగా తీసుకోడం తప్పే. ఇప్పుడు అడుగుతున్నాను."

ఆల్విన్ బ్లేడుకు అంటిన మట్టిని చొక్కా అంచుతో తుడిచి, మూసి, ఆమె అరచేతిలో పెట్టాడు. కానిస్టేబుల్ పేర్లు రాసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బాలశౌరి డ్యూటీ దిగి వచ్చి, అంతా విని, కొడుకు మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. గుమ్మం దగ్గర దగ్గలేదు. "నాకు తెలిసిందిరా, తెలిసే తెలీనట్టున్నాను. భయమేసింది," అన్నాడు. మర్నాడు యూనిట్‌కు ఫోను చేశారు. వారం తిరక్కుండా తల్లీ తండ్రీ కొడుకూ ముగ్గురూ జబల్‌పూర్ రైలెక్కారు. అక్కడి మిలిటరీ ఆసుపత్రిలో ఆల్విన్ నాలుగు నెలలున్నాడు.

వార్డులోకి పదునైన వస్తువులేవీ రానివ్వరు. చాకు విమలకుమారి దగ్గరే ఉండిపోయింది. నెలకోసారి చూడటానికి వెళ్ళినప్పుడు అతను అందరి క్షేమం అడిగి, చివర్లో, "ఉందా?" అనేవాడు. "ఉంది. తుప్పు పట్టకుండా నూనె రాస్తున్నాను," అనేది. ఆ మాట విన్నాకే అన్నం తినేవాడని వార్డు నర్సు చెప్పింది.

డాక్టరు చెప్పగా అక్టోబరులో ఆల్విన్ శంకరరావు భార్య మీనాక్షికి ఉత్తరం రాశాడు. ఆ గంటా పది నిమిషాల్లో జరిగిందంతా రాశాడు. చాకు తన దగ్గరుందని, పంపమంటే పంపుతానని రాశాడు. ఆమె పంపమంటుందేమోనని అతనూ, పంపమనదేమోనని విమలకుమారీ నెలరోజులు బిక్కుబిక్కుమంటూ గడిపారు.

జవాబు భిలాయి ఇంటికి వచ్చింది. గుండ్రటి పెద్ద అక్షరాలు. 'ఆయన ఆఖరి మాటలు తెలిసినాయి. పాపకు చెవులు కుట్టించాను. ఆ చాకు ఇంట్లో పెట్టుకునే ధైర్యం నాకు లేదు బాబూ. చూస్తే ఆ రోజే కనబడతాది. అలాగని పారెయ్యకండి. మీ దగ్గరే ఉండనీండి.'

విమలకుమారి ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. ముఖం ఎలా ఉంటుందో తెలియని ఆ మనిషి తన తోడబుట్టినదనిపించింది. ఆమెకూ ఆ చాకంటే భయం పోలేదు. నూనె రాసేటప్పుడు బ్లేడు తెరవాల్సి వస్తే ఇప్పటికీ ముఖం పక్కకు తిప్పుకుంటుంది. స్కూలుకు వెళ్తే సంచిలో వెంట తీసుకెళ్తుంది. ఇంట్లో వదిలి వెళ్ళడం ఇంకా భయం.

ఆల్విన్ నవంబరులో వచ్చాడు. బరువైన పనులు, మైన్ల పనులు లేకుండా బెంగళూరులో స్టోర్స్ పని ఇస్తామన్నారు. సెలవు ఇరవై రోజులు. ఇంకా గడ్డి మీద నడవడం లేదు. కానీ ఒకరోజు ఏంజెలా కాలేజీకి వెళ్తూ, "భయ్యా, స్టాపుదాకా రావా?" అంటే లేచాడు. చెల్లెలు రోడ్డు దిగి అడ్డంగా మట్టిలోంచి నడిచింది. అతను రోడ్డు చివర నిలబడిపోయాడు. ఏంజెలా వెనక్కి వచ్చి ఏమీ అనకుండా అతనితోపాటు చుట్టుదారి పట్టింది. వరండాలోంచి చూస్తున్న విమలకుమారికి వాళ్ళు మలుపు తిరిగేదాకా కళ్ళు మరల్చబుద్ధి కాలేదు.